మాట్లాడకూడని గంట

సూది తీసేసిన అమ్మాయి సీసపు డబ్బా మూత బిగించి, రెండడుగులు వెనక్కి వేసి, గుమ్మంలో నిలబడి చెప్పింది. "ఇక గంటసేపు కదలకండి ఆంటీ. మాట్లాడకండి. ఫోన్ లేదు, పుస్తకం లేదు, నమలడం లేదు." ఎందుకమ్మా అని అడగబోయేలోపే వేలు పెదవుల మీద పెట్టుకుంది. "చక్కెర మందు ఎక్కించాను కదా. ఒంట్లో ఏది పనిచేస్తుంటే చక్కెర అక్కడికి పరిగెత్తుతుంది. మాట్లాడితే గొంతు వెలుగుతుంది, కాలూపితే పిక్క వెలుగుతుంది. అప్పుడు ఏది జబ్బో ఏది కబుర్లో డాక్టరుగారికి తెలీదు." తన మాటకు తనే నవ్వుకుని, దీపం తగ్గించి తలుపు లాగేసింది. లోపల సీసం పరిచిన తలుపు కాబట్టి అది టప్పున పడలేదు. లావుపాటి మనిషి మంచం మీద కూర్చున్నట్టు మెల్లగా, ఒక నిట్టూర్పుతో మూసుకుంది.

గంటసేపు మాట్లాడొద్దని ఆమెతో అనడం చేపతో కాసేపు ఈదొద్దని అనడమే. ఇరవై ఆరేళ్లుగా ఆమె డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గర అదనంగా బిగించిన బ్రేకు మీద ఒక పాదం ఆనించి, భయపడే మనుషుల చేత బండి నడిపిస్తోంది. క్లచ్చి మెల్లగా వదులమ్మా, అది నీ శత్రువు కాదు, అద్దం చూడు, నీ మొహం కాదు వెనక లారీ, ఆ లారీవాడు నీకు చుట్టమేం కాడు దారివ్వడానికి. ఇలా పొద్దున ఆరింటి నుంచి నోరు ఆడుతూనే ఉంటుంది. స్కూలు బోర్డు మీద ఆమె అసలు పేరే రాయించినా, ఫోన్ చేసేవాళ్లందరూ బ్రేకక్క ఉందా అనే అడుగుతారు. దాని నోట్లో నువ్వుగింజ నానదు అని అత్తగారు పోయేదాకా అంటూనే ఉండేది. మొగుడు పుస్తకాలు బైండింగ్ చేస్తాడు, రోజుకు లెక్కపెట్టినట్టు నలభై మాటలు మాట్లాడతాడు, ఈ జన్మలో స్టీరింగ్ పట్టుకోనని పెళ్లప్పుడే చెప్పేశాడు. ఊరందరికీ బండి నేర్పిన మనిషి మొగుడికి హారన్ కొట్టడం కూడా నేర్పలేకపోయిందని స్కూల్లో అందరికీ వేళాకోళం. ఆయన ఇప్పుడు బయట ఎర్రగీత అవతల బెంచీ మీద, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుని ఉంటాడు. గోళ్ల కింద ఎండిపోయిన జిగురు గీక్కుంటూ ఉంటాడు. ఆమె ఒళ్లు ఇంకాసేపటికి రేడియేషన్ చిమ్మే ఆ మందుతో నిండిపోతుంది కాబట్టి ఆయన దగ్గరకు రాకూడదట. ముప్ఫై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆ మనిషికి, ఆమెకు మధ్య నేల మీద గీత గీశారు.

పైకప్పు పలకలకు సూది బెజ్జాలు. ఒక పలకలో వరసకు ఎన్నో లెక్కపెడదామని మొదలుపెట్టి, లెక్కపెడితే మెదడు వెలుగుతుందేమోనని ఆపేసింది. మెదడు ఎలాగూ వెలుగుతుందని, దాన్ని ఎవరూ ఆపలేరని పొద్దున డాక్టరు అన్నాడు. అయితే మంచిదే, ఆలోచించడానికి అడ్డులేదు. పక్కగదిలో ఎవరో ముసలాయన సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. గోడలోని మైకు గరగరమంది. "రెండో నంబరు పెద్దాయనా, పాడకండి. గొంతు ఎర్రగా వస్తుంది." రాగం ఆగింది. ఆమెకు నవ్వొచ్చింది, బిగబట్టుకుంది. నవ్వినా సగమే వెలుగుతుంది లెమ్మనుకుంది, ఎందుకంటే ఆమె మొహంలో నవ్వేది కుడి సగమే. ఎడమ సగం ఎనిమిదేళ్ల కిందట రెండో ఆపరేషన్ బల్ల మీద ఉండిపోయింది. నరం గీరుకుంది, అంతే, కొన్నాళ్లకు తిరిగొస్తుంది అన్నారు. కొంచెం తిరిగొచ్చింది, కొంచెం రాలేదు. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటి రోజు ఆమె తమను చూసి వెక్కిరింపుగా నవ్వుతోందనుకునేవారు. రెండో రోజుకు అలవాటు పడేవారు. మనిషి దేనికైనా రెండో రోజుకు అలవాటు పడతాడు.

మొదట్లో అది శనగగింజంత. ఎడమ చెవితమ్మె కింద, దవడ వంపులో. నొప్పి లేదు, దురద లేదు, పలకరించింది లేదు. ఎవరో విద్యార్థి కారు అద్దం తప్పుగా తిప్పితే, వెనక రోడ్డు కనపడాల్సిన చోట తన మెడ కనిపించి, మెడ మీద ఒక నీడ కనిపించింది. అప్పుడు ఆమెకు ముప్ఫై నాలుగు. లాలాజల గ్రంథిలో గడ్డ అన్నాడు ఆపరేషన్ డాక్టరు, తీసేసి ముక్క పరీక్షకు పంపి, వారం తర్వాత కాగితం చేతిలో పెట్టాడు. మంచి గడ్డే అన్నాడు. గడ్డల్లో కూడా మంచివుంటాయా అని మొగుడు అడిగాడు, ఆ రోజు ఆయన కోటాలో అదే పెద్ద మాట. "ఉంటాయి. చెడ్డ గడ్డ ఊళ్లు తిరుగుతుంది. మంచిది పుట్టిన చోటే పడుంటుంది." ఇంటికి వచ్చారు. గ్రంథి పోయినా దాని నరాలు ఊరుకోలేదు. నోట్లోకి నీళ్లు పంపాల్సినవి దారితప్పి చర్మంలో అల్లుకున్నాయట, అప్పటి నుంచి పుల్లటిది తింటే నోరు ఊరడం కాదు, చెంప ఊరేది. నిమ్మకాయ కోస్తుంటే చాలు, చెవి ముందు చెమటబొట్లు. భోజనాల దగ్గర మొగుడు ఏమీ అనకుండా మడతపెట్టిన చేతిరుమాలు ఆమె కంచం పక్కన పెట్టేవాడు, పంతొమ్మిదేళ్లుగా పెడుతూనే ఉన్నాడు. ఇప్పుడు నిమ్మకాయ గురించి ఎందుకు అనుకుంది. అనుకోకూడదు. పచ్చటి తొక్క, కత్తి, చితికిన గింజ. ఎడమ చెంప చల్లబడింది. తుడుచుకోవడానికి చెయ్యెత్తకూడదు. చెమట చెవిలోకి జారుతుంటే, గదిలో తనది కాని ప్రాణి ఏదో మెడ మీద నడుస్తున్నట్టు అనిపించింది.

పదకొండేళ్లకు మళ్లీ వచ్చింది, ఈసారి ఒకటి కాదు, తెగిన దండలోంచి రాలిన పూసల్లా అయిదారు. మొదటిసారి తీసేటప్పుడు పొర చిట్లి రెండు కణాలు జారిపడి ఉంటాయి అన్నారు. మళ్లీ కోశారు, మళ్లీ కాగితం వచ్చింది, మళ్లీ మంచిదే. మంచిది, మంచిది అంటూనే మొహంలో సగం తీసుకుపోయింది, చెడ్డదైతే ఇంకేం తీసుకుపోయేదో అని ఆమె స్కూల్లో అందరినీ నవ్వించింది. జుట్టు ఎడమపక్కకు దువ్వుకుంటే మచ్చ కనపడదు. కనపడనిది మరిచిపోవడం ఎంతసేపు. అందుకే ఈ ఏడాది నడుం నొప్పి మొదలైనప్పుడు, రోజుకు పదిగంటలు కారు సీట్లో కూర్చునేవాళ్లకు నొప్పి రాక ఇంకేం వస్తుందనుకుంది. సీటుకు మెత్త వేయించింది. వ్యాయామాలు చేయించేవాడి దగ్గరకు మూడు నెలలు తిరిగింది. నాలుగో నెల ఎక్స్‌రే తీస్తే, నడుం దగ్గరి వెన్నుపూసలో చిమ్మట కొట్టినట్టు ఒక తొర్ర. ఛాతీ కూడా తీశారు. ఊపిరితిత్తుల్లో గుండ్రటి చుక్కలు, చల్లినట్టు. ఎముకల డాక్టరు వాటిని వెలుగుపెట్టె మీద పెట్టి చూస్తూ, రొమ్ము పరీక్ష చేయించారా అన్నాడు, కడుపు, కిడ్నీ, గొంతు అని వరసగా అడుగుతూ పోయాడు, దొంగ ఏ ఇంట్లో పుట్టాడో తెలియక వీధంతా తలుపులు కొట్టినట్టు. అన్నీ చూశారు, ఏ ఇంట్లోనూ లేడు. చివరికి వెన్నులోకి సూది దింపి ముక్క తీశారు. ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు అని కాగితంలో ఒక గడి ఉంటే దాన్ని ఖాళీగా వదిలేసింది. నడుముకు, చెవికి ఏం సంబంధం.

ఆ ముక్కలు చూసే డాక్టరమ్మ తనే వెతుక్కుంటూ వచ్చింది. తన ఈడే ఉంటుంది, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, వేళ్ల చివర్లకు ఊదారంగు మరకలతో. "నేను మనుషుల్ని చూడను అమ్మా, గాజుపలక మీద ముక్కల్నే చూస్తాను. అందుకే మాట్లాడటం సరిగా రాదు. ఒకటి అడిగి పోతాను. ఎప్పుడైనా మొహం మీద గానీ మెడ మీద గానీ ఆపరేషన్ అయిందా?" అని అడిగింది. బ్రేకక్క జుట్టు వెనక్కి తీసి చూపించింది. డాక్టరమ్మ మచ్చను ముట్టుకోలేదు, వంగి చూసి, చాలాసేపు వంగే ఉండిపోయింది. ఆ వంగి ఉన్న తీరులోనే ఏదో ఉంది. పొద్దున్నే ఇంటి ముందు తెలియని చెప్పులు కనిపిస్తే మనిషి అలాగే వంగి చూస్తాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. "మీ వెన్నులో ఉన్న కణాలు వెన్నువి కావు. పోనీ చెడ్డగా ఉన్నాయా అంటే అదీ లేదు. వరసగా, బుద్ధిగా ఉన్నాయి. నన్ను భయపెట్టింది అదే. అంత బుద్ధిమంతులకు అక్కడేం పని?" పాత ఆసుపత్రి గోదాములోంచి పంతొమ్మిదేళ్ల నాటి గడ్డ ముక్కను పోతపోసి దాచిన మైనపు దిమ్మ తెప్పించి, అందులోంచి కొత్తగా పొర కోయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసిందట. అక్కాచెల్లెళ్ల పోలిక కూడా కాదమ్మా, ఒకే మనిషివి రెండు ఫొటోలు అంది. పేరు ఇప్పటికీ మంచి గడ్డే. కానీ పుట్టిన చోట ఉండాల్సింది ఊళ్లు తిరిగింది. చాలా కొద్దిమందికి ఇలా అవుతుంది, నా సర్వీసులో మీదే మొదటిది. అయితే సంతోషించాలా అని బ్రేకక్క అడిగింది. "చెప్పలేను. ఎక్కడెక్కడ దిగిందో, ఎక్కడైనా బుద్ధి మారిందేమో చూడాలి. మెల్లగా తిరిగేది ఒక్కోసారి ఉన్నట్టుండి పరుగెత్తుతుంది." ఆ రాత్రి మొగుడు ఒక్క మాటే అన్నాడు. ఒక పుస్తకం కాగితాలు ఇంకో పుస్తకంలో కలిపి కుట్టేస్తే, చదివేవాడు అక్కడికి వచ్చేదాకా తెలీదు అన్నాడు.

చక్కెర ఇప్పుడు ఎక్కడికి పోయి ఉంటుంది. మోచేతి మడతలోంచి భుజానికి, గుండెలోకి, అక్కడి నుంచి అన్ని దారుల్లోకి. తను పడుకుని ఉండగా లోపల ఎవరో దీపం పట్టుకుని ఒక్కో గది తలుపూ తీసి చూస్తున్నట్టుంది. ఈ గదిలో ఎవరైనా ఉన్నారా. పలకరు. ఇందులో. ఇందులో ఉన్నారు, కూర్చుని ఉన్నారు, పంతొమ్మిదేళ్లుగా కూర్చుని, గొంతెత్తకుండా, ఆమె తిన్నదే తింటూ, ఆమె నిద్రపోతే నిద్రపోతూ. పిల్లను కన్నప్పుడు ఉన్నారా. లేదు, అది అంతకు ముందు. పిల్ల పెళ్లికి ఉన్నారు. అత్తగారు పోయినప్పుడు ఉన్నారు. మొహం సగం పోయి ఇంటికొచ్చి అద్దం ముందు ఏడ్చిన రోజు, అయిపోయింది కదా ఇక పీడ పోయింది అని మొగుడు భుజం మీద చెయ్యి వేసిన రోజు, అప్పుడు కూడా లోపల ఎముకలో తాపీగా కాళ్లు చాపుకుని ఉన్నారు. ఒళ్లు గగుర్పొడిచింది. గగుర్పాటు కూడా వెలుగుతుందా. గోడ అవతల మోటారు ఏదో ఆగి ఆగి తిరుగుతోంది, స్కాన్ యంత్రం కాబోలు, ముసలాయన్ని తీసుకుపోయారేమో, కూనిరాగం మళ్లీ వినపడలేదు. దుప్పటి అడుగున కాళ్లు ఉన్నాయి. కాళ్ల దగ్గరకు ఆలోచన వెళ్లకుండా ఇంతసేపూ నిమ్మకాయతోనూ బెజ్జాలతోనూ అడ్డం పెట్టుకొచ్చింది. మాటలు ఉన్నంతకాలం ఆ అడ్డం తేలికే. పదకొండు రోజులుగా ఎవరితోనో ఒకరితో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఈ గదిలో మాట లేదు కాబట్టి అది వచ్చి మంచం పక్కన నిలబడింది.

కళ్లజోళ్ల కొట్టులో పనిచేసే ఆవిడ. నలభై దాటిన మనిషి, ఒంటరిది, తల్లికి వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. రెండు బస్సులు మారాలి, తిరుగు బస్సులో తల్లి ప్రతిసారీ వాంతి చేసుకుంటుంది, పక్కవాళ్లు లేచి పోతారు. చవగ్గా ఒక పాత కారు ఎవరో ఇస్తామన్నారట, అందుకని నేర్చుకోవడానికి వచ్చింది. బండి ఆగిపోతే బండికి సారీ చెప్పే రకం. ఇరవైమూడు పాఠాలయ్యాయి, ఇంకో వారంలో పరీక్షకు పంపేదే. ఆ రోజు వంతెన దిగి కూడలి వైపు వస్తున్నారు. వాలు. ముందు సైకిల్ మీద ఒకాయన, వెనక సంచి కట్టుకుని. ఎర్రదీపం పడింది, సైకిల్ ఆగింది. బ్రేకు అంది బ్రేకక్క. బ్రేకమ్మా అంది. ఆవిడ చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయాయి, కొత్తవాళ్లకు అది మామూలే, అందుకే కదా పక్కన రెండో బ్రేకు పెట్టింది, అందుకే కదా పక్కన మనిషి. బ్రేకక్క తొక్కింది. తొక్కానని ఆమెకు ఒళ్లంతా తెలిసింది, ఇరవై ఆరేళ్లుగా తొక్కిన పాదం, దానికి చెప్పక్కర్లేదు. బండి ఆగలేదు. సైకిల్ వెనక చక్రానికి బండి తగిలి ఆయన పక్కకు పడ్డాడు, సంచిలోని మేకుల పొట్లాలు రోడ్డంతా చిందాయి. బండి అప్పుడు ఆగింది, ఎలా ఆగిందో గుర్తు లేదు. వంగి చూసుకుంటే తన కుడి పాదం పెడల్ మీద లేదు. కింద చాప మీద ఉంది, చెప్పుతో సహా, ఎవరో వదిలేసి పోయిన వస్తువులా. లేపాలనుకుంది, లేవలేదు. ఒక క్షణం, రెండు క్షణాలు. తర్వాత మెల్లగా లేచింది.

సైకిలాయనకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఇద్దర్నీ నాలుగు తిట్టి, మేకులు ఏరుకుని పోయాడు. తలకు తగిలి ఉంటే. వెనక లారీ ఉండి ఉంటే. కారులోకి తిరిగొచ్చి కూర్చున్నాక బ్రేకక్క నోట్లోంచి వచ్చిన మాటలు ఇప్పటికీ ఆ వరసలోనే వినపడతాయి. "రెండుసార్లు బ్రేకు అన్నాను కదా, చెవులు లేవా నీకు? మనిషి చచ్చేవాడు." తప్పు నాదేనక్కా అంది ఆవిడ. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, చిన్నపిల్లలా. అప్పుడైనా చెప్పొచ్చు. కాదమ్మా, నా కాలు రాలేదు అని ముక్కలు మూడు. నోట్లో నువ్వుగింజ నాననిదానికి ఇది మాత్రం పదకొండు రోజులు నానింది. మూడో రోజు ఆవిడ నుంచి కబురొచ్చింది. నా వల్ల కాదక్కా, ఎవర్నో చంపేస్తాను, అమ్మని బస్సులోనే తీసుకెళ్తాను అని. బ్రేకక్క దానికి బదులు పంపలేదు. ఆవిడ బిగుసుకుపోయిన మాట నిజమే కదా అనుకుంది, నిజమే, అది అబద్ధం కాదు, అబద్ధం కానిదాన్ని పట్టుకుని మనిషి ఎంత దూరమైనా ఈదగలడు. ఆ తర్వాత కూడా మూడు రోజులు బండెక్కింది. నలుగురికి పాఠాలు చెప్పింది, ఎడమ పాదం బ్రేకు మీద పెట్టుకుని, ఒళ్లు వంకరగా తిప్పి కూర్చుని. వాళ్లలో ఒకడికి పద్దెనిమిదేళ్లు. నాలుగో రోజు నడుం నొప్పి అని సెలవు పెట్టింది. మొన్న ఎముకల డాక్టరు, కాళ్లలో తిమ్మిరి గానీ పట్టు తప్పడం గానీ ఉందా అని అడిగాడు, పక్కన మొగుడు చీటీ మీద రాసుకోవడానికి పెన్సిల్ పట్టుకుని ఉన్నాడు. లేదండీ అంది. ఉందంటే ఎప్పటి నుంచి అంటాడు, ఎలా తెలిసింది అంటాడు, వంతెన సంగతి చెప్పాలి. లేదండీ అన్నది ఎంత తేలిగ్గా వచ్చింది. మొగుడు లేదు అని రాసుకున్నాడు.

ఒంట్లో ఏది పనిచేస్తే అది వెలుగుతుంది అంది కదా ఆ అమ్మాయి. దుప్పటి కింద కుడికాలి బొటనవేలిని ఒక్కసారి కదిపి చూడాలనిపించింది. కదపకూడదు. ఒక్క వేలేగా, ఎంత వెలుగుతుంది. లే అని చెప్పింది. చెప్పినట్టే అనిపించింది, లేచినట్టే అనిపించింది, ఆ రోజు కూడా తొక్కినట్టే అనిపించింది. దుప్పటి మీద మడత కదిలిందో లేదో. తల ఎత్తి చూస్తే తెలుస్తుంది. చూడలేదు. పైకప్పు బెజ్జాలు, అవి మునుపటికన్నా నల్లగా ఉన్నాయి, ఒక్కో పలకలో చల్లినట్టు, గుండ్రంగా. కళ్లు మూసుకుంది. ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు, ఆ సందులోంచి గది కనపడుతూనే ఉంది.

తలుపు నిట్టూర్చింది. ఆంటీ రండి, టైమైంది, ముందు బాత్రూముకెళ్లి రండి అంది అమ్మాయి, గుమ్మంలోంచే. బ్రేకక్క గోడ పట్టుకుని నడిచింది. పాదం నేలకు టపటపా కొట్టుకుంటోంది, ఆ చప్పుడు తనకు వినపడినంత గట్టిగా అమ్మాయికి వినపడకూడదని దగ్గింది. యంత్రం పెద్ద ఉంగరంలా ఉంది. చేతులు తలపైకి చాపించి పట్టీ కట్టారు, బల్ల లోపలికి జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. ఇరవై నిమిషాలు. గాజు అద్దం అవతల అమ్మాయి మొదట చెయ్యూపింది, మధ్యలో ఎవరికో ఫోన్ చేసింది, తర్వాత ఇటు చూడలేదు. బల్ల బయటికి వచ్చాక అమ్మాయి వచ్చి పట్టీ విప్పింది. "లేవకండమ్మా. అలాగే పడుకోండి. డాక్టరుగారు వస్తున్నారు." పిలుపులో ఆంటీ పోయి అమ్మ వచ్చింది. బ్రేకక్క ఇరవై ఆరేళ్లు లైసెన్సు పరీక్షల మైదానంలో నిలబడిన మనిషి. పాసైనవాణ్ణి అధికారి కసురుకుంటాడు, అద్దం చూసుకోవేం, సరే పో అంటాడు. కూర్చోండి అని మర్యాదగా అన్నాడంటే వాడు ఫెయిలు. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు.

స్కాన్ డాక్టరు వయసులో చిన్నవాడు. దుప్పటి తీసి, కుడి పాదం పట్టుకుని, నా చేతిలోంచి పైకెత్తండి అన్నాడు. ఆమె ఎత్తింది. పాదం అతని అరచేతిలో అలాగే ఉంది. "ఎన్నాళ్ల నుంచి?" మొగుణ్ణి లోపలికి పిలిచినట్టున్నారు, నాలుగడుగుల దూరంలో నిలబెట్టారు, చేతిలో ఆమె సంచి, ఆమె చెప్పులు. గంటన్నరగా వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"పదకొండు రోజులు."

"మొన్న లేదన్నావు," అన్నాడు మొగుడు.

"అన్నాను."

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తెర తిప్పి చూపించాడు. ఆమె ఒళ్లు నల్లగా, అందులో అక్కడక్కడ పసుపు చుక్కలు. ఊపిరితిత్తుల్లో అయిదు, వెన్నులో మూడు, తుంటిలో ఒకటి. నడుం దగ్గరిది ఎముకను పిండి చేసి నరం మీద కూర్చుంది. ఊపిరితిత్తిలో ఒకటి మాత్రం మిగతావాటికన్నా బాగా వెలుగుతోంది, దాని బుద్ధి ఎలాంటిదో ముక్క తీస్తే గానీ తెలీదు. నేల మీద పాదం పెట్టకూడదు, ఇంటికి వెళ్లడం లేదు, వెన్నుకు ఆపరేషన్ ఈ సాయంత్రమో రేపో. పాదం తిరిగొస్తుందా అని మొగుడు అడిగాడు. "మొదటి రోజే తెలిసి ఉంటే వస్తుందనేవాణ్ణి. ఇప్పుడు ఏమీ అనలేను," అన్నాడు డాక్టరు. మొగుడు తలూపాడు. చేతిలోని చెప్పులను చూసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, సంచిలో పెట్టి మూతి బిగించాడు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

వార్డుకు తీసుకుపోయే మంచం మీద పడుకోబెట్టి నడవాలో ఆపారు. ఫోనివ్వండి అంది. ఆయన గీత దాటి వచ్చి చేతిలో పెట్టి వెళ్లాడు, ఎవరూ వద్దనలేదు. మూడోసారి మోగాక అవతల కొట్టులో మాట్లాడే గొంతుతో ఆవిడ హలో అంది, పేరు విన్నాక గొంతు చిన్నదైపోయింది. బ్రేకక్క చుట్టూ తిప్పలేదు. "ఆ రోజు నువ్వు కాదమ్మా. నా కాలు లేవలేదు. పెడల్ మీదికి రాలేదు. అప్పుడే చూసుకున్నాను, చూసుకుని కూడా నిన్ను తిట్టాను. ఒంట్లో జబ్బుంది, ఆసుపత్రిలో ఉన్నాను. ఇది నీకు చెప్పాలి."

అవతల ఎవరో కస్టమరు ఫ్రేము రేటు అడిగితే, ఉండండి అంది ఆవిడ.

"నాకు ఆ సైకిలాయన కనిపించాడక్కా," అంది తర్వాత. "మీరు చెప్పకముందే కనిపించాడు. నా కాలు బ్రేకు మీదే ఉంది. తొక్కలేదు. మీరు తొక్కుతారని ఎదురుచూశాను. ఎప్పుడూ నాకన్నా ముందు మీరే తొక్కేవాళ్లు కదా."

బ్రేకక్క పైకి చూసింది. నడవా దీపాలు ఒకదాని వెనక ఒకటి చివరిదాకా ఉన్నాయి. రెండువేల మంది ఉంటారు తన దగ్గర నేర్చుకుని పోయినవాళ్లు. ఎంతమంది పాదాలు బ్రేకు మీద అలా ఆగి, పక్క సీటులోంచి ఎవరో ముందు తొక్కుతారని చూస్తూ, ఈపాటికి ఏ వాలులో దిగుతున్నాయో.

"విను," అంది. "సోమవారం పొద్దున ఏడింటికి మన స్కూలు పొట్టిమాస్టారు వస్తాడు. మిగిలిన పాఠాలు ఆయన చెప్తాడు. రెండో బ్రేకు తొక్కడానికి తొందరపడొద్దని నేను చెప్తాను. నువ్వే తొక్కాలి. కనిపించగానే తొక్కాలి, ఎవరికోసమూ చూడకూడదు. మీ అమ్మని ఆ బస్సులో ఇంక తీసుకెళ్లకు."

"సరేనక్కా," అంది ఆవిడ. "మీరు పక్కన ఉండరా?"

మంచం తోసేవాడు వచ్చి చక్రాల బిగింపు కాలితో తన్ని వదిలించాడు. మొగుడు ఇవతల పక్కగా వచ్చి మంచం కడ్డీ పట్టుకున్నాడు.

"ఉండనమ్మా," అంది బ్రేకక్క.